దొరసాని చేపిన జాగ

పిరికివాడు ఇంట్లో ముసుగు తన్ని పడుకుంటాడని లోకం అనుకుంటుంది. లాల్‌దర్వాజా మొగులయ్యను చూడనివాళ్లు అనుకునే మాట అది. పాతబస్తీ మొత్తంలో అతనంత భయస్తుడు లేడు, అతనంత తిరిగినవాడూ లేడు. ఫలక్‌నుమా గుట్ట కింద ఏ బండ వెనక ఏ ముళ్లకంప ఉందో, మీరాలం చెరువు గట్టు ఎక్కడ కుంగిందో అతన్ని అడిగితే చెప్పేవాడు. భయం అతన్ని కూర్చోనివ్వలేదు. ఒక దారిన పోతే ఏమవుతుందోనని రెండో దారి చూసేవాడు. రెండోది చూశాక మూడోది చూడకపోతే ఎట్లా అని అదీ చూసి, చివరికి మొదటి దారినే ఇంటికి వచ్చేవాడు.

అతని పెళ్లి సంగతి మా గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లను చూడటానికి పోయి, పిల్లను చూసి, ఆమె చెల్లెల్ని చూసి, మేనత్తను చూసి, వాళ్ల కొట్టంలోని బర్రెలన్నిటినీ చూసి, ఏ మాటా చెప్పకుండా తిరిగి వచ్చాడట. పిల్ల తండ్రి విసిగిపోయి, ఆండాలును బండెక్కించి తానే తెచ్చి లాల్‌దర్వాజాలో దింపితే గాని ఆ పెళ్లి కాలేదు. ఇందులో నేను కలిపింది మేనత్తను మాత్రమే.

మొగులయ్యది పాల వ్యాపారం. మహంకాళి గుడి వెనక గల్లీలో పెంకుటిల్లు, దానికి ఆనుకొని కొట్టం. పొద్దునా సాయంత్రం పత్తర్‌గట్టి దాకా నడిచి పాలు పోసేవాడు. కొట్టానికి పెద్దరికం దొరసాని అనే బర్రెది. దూడను వదిలి, నాలుగు మంచి మాటలు చెప్పి, ముందర కుడితి పెట్టి, పొదుగు నిమిరితే గాని చేపేది కాదు. చేపడం అంటే పాలను కిందికి వదలడం. బర్రె మనసులో ఏదైనా అనుమానం పుడితే పాలను పైకి ఎగబట్టేస్తుంది, ఎంత పిండినా చుక్క రాదు. మొగులయ్యకూ దొరసానికీ అందుకే కుదిరిందని బాబూమియా అనేవాడు. బాబూమియాకు పత్తర్‌గట్టిలో చాయ్ హోటల్ ఉండేది. మొగులయ్య పాలు లేనిదే అతని పొయ్యి వెలిగేది కాదు.

మొగులయ్య భయానికి ఒక మూలం ఉంది. వెనకటి తుగ్యానీలో, అంటే మూసీ పొంగి సగం పట్నాన్ని ఊడ్చుకుపోయినప్పుడు, అతను చంకబిడ్డ. అతని తండ్రి ధైర్యవంతుడు. గడ్డి దగ్గరగా దొరుకుతుందని సంసారాన్ని నది ఒడ్డుకు మార్చి పట్టుమని పక్షం కూడా కాలేదు. నీళ్లలో తండ్రి పోయాడు. తల్లి వరమ్మ బిడ్డను మెడకు కట్టుకొని ఒక బర్రె తోక పట్టుకుంది, ఆ బర్రె ఈదుకుంటూ తెచ్చి ఒడ్డున పడేసింది. ఆ బర్రె అంతటితో ఆగకుండా లాల్‌దర్వాజా పాత కొట్టందాకా నడిచి తన గుంజ దగ్గర నిలబడిందని వరమ్మ చెప్పేది. నేను అంతదూరం పోను, ఒడ్డు వరకు నమ్ముతాను.

ఆ పాలవాళ్లలో ఒక ఆచారం ఉంది. సంసారం కొత్త చోటుకు మారే ముందు, కొట్టంలో పెద్ద బర్రెను అక్కడికి తోలుకుపోయి పాలు పిండి చూడాలి. చేపితే అది ఉండదగిన జాగ. ఆచారం పెట్టిన పెద్దలకు బర్రెల గుణం తెలుసు కాబట్టి, బర్రె అలవాటు పడేదాకా ఒకటి రెండు రోజులు అక్కడే కట్టి ఉంచేవాళ్లు. వరమ్మ మొగుడు నది ఒడ్డుకు పోయినప్పుడు ఈ పరీక్ష చేయలేదు. చేసి ఉంటే ఆ బర్రె చెప్పి ఉండేదని వరమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని పాలతో పాటు కొడుక్కు తాగించింది.

పందొమ్మిది వందల ముప్ఫైల మొదట్లో ఒక చలికాలం పాతబస్తీలో ఎలుకలు చచ్చి పడటం మొదలైంది. ముందు ధాన్యం దుకాణాల దగ్గర, తర్వాత మోరీల వెంట. వాటి వెనకే గడ్డల బీమారి వచ్చింది. ప్లేగు అనే మాట గల్లీలో ఎవరూ పలికేవాళ్లు కాదు. చంకలోనో గజ్జలోనో గడ్డ లేచేది, జ్వరం మండేది, మనిషి ఒకటి రెండు రోజుల్లో పోయేవాడు. పట్నం శుభ్రత చూసే బల్దియా వాళ్లు వచ్చి గోడలకు సున్నం కొట్టారు, ఎండ పడాలని పెంకులు తీయించారు, అందరూ ఊరి బయటికి పొమ్మని చెప్పారు. సర్కారు తడకల గుడిసెలు వేయించింది. చుట్టాలున్నవాళ్లు పల్లెలకు పోయారు. గల్లీ ఇంటింటికీ ఖాళీ అవుతూ వచ్చింది.

మొగులయ్యకు ఒక్కతే బిడ్డ, ముత్యాలు. పాలపళ్లు ఊడుతున్న వయసు. ఆ పిల్లను ఎట్లాగైనా ఆ గల్లీ నుంచి బయటపడేయాలి. మొగులయ్యకు ఆ రోజుల్లో వేరే ఆలోచన లేదు. అతను బద్ధకించాడనీ, బిడ్డ మీద ప్రేమ లేదనీ ఎవరూ అనలేరు. ఆ చలికాలం అతనంత కష్టపడి తిరిగినవాడు పట్నంలో లేడు.

బాబూమియా బావమరిదికి బండ్లగూడ పక్కన జామతోట ఉంది. అందులో పందిరిలాంటి ఒక రేకుల సాయబాను, మంచినీళ్ల బావి. అప్పటికే బాబూమియా భార్య నూరున్నీసాను అక్కడికి పంపి, తాను హోటల్ మూసే పనిలో ఉన్నాడు. మీరూ రండి, బర్రెలను కూడా తోలుకు రండి, ఖాళీ జాగ బోలెడంత ఉందని మొగులయ్యకు చెప్పాడు. ఆండాలు ఆ పూటే మూటలు కట్టింది. మొగులయ్య దొరసానినీ దూడనూ తోలుకొని పరీక్షకు బయలుదేరాడు.

దొరసాని ఆ తోటలో జామచెట్ల వంక కళ్లప్పగించి చూస్తూ నిలబడింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి అలసిపోయింది. చుక్క రాలేదు. మొగులయ్య ముఖం చూసి బాబూమియా నవ్వాడు.

“మొగులన్నా, నన్ను దెచ్చి తెల్వనోళ్ల ఇంట్ల నిలవెట్టి పాట పాడుమంటే నేను గూడ పాడ. రెండు దినాలు ఉండనియ్యి దాన్ని.”

మొగులయ్య ఉండనివ్వలేకపోయాడు. రెండు రోజులు ఆగితే చేపవచ్చు. కాని ఆ రెండు రోజుల్లో వేరే మంచి జాగను ఎవరైనా పట్టుకుపోతే? అసలు ఇక్కడ ఏదో ఉండబట్టే చేపలేదేమో? పొద్దు గుంకక ముందే బర్రెను ఇంటికి తోలుకొచ్చాడు. ఇంట్లో తన గుంజ దగ్గర దొరసాని గిన్నె నిండా చేపింది.

మర్నాడు ఉప్పుగూడ పోయాడు. అక్కడ ఎవరిదో పాడుబడ్డ కొట్టం. దొరసాని కాస్త చేపి ఆపేసింది. ఆ కాస్తను పట్టుకొని ఆశపడ్డాడు గాని, తిరిగి వస్తుంటే కొట్టం వెనక ఒక కొత్త మట్టిదిబ్బ కనిపించింది. అది సమాధో, ఎవరో పోసిన ఎరువో దగ్గరికి పోయి చూడలేదు. సర్కారు గుడిసెల దగ్గరికి పోతే పక్క గుడిసెలో ఎవరో మూలుగుతున్నారు. మీరాలం వైపు పోతే నీళ్లు చూడగానే బర్రెను వెనక్కి మళ్లించాడు. ప్రతి జాగలోనూ ఏదో ఒకటి తగిలేది, తగలగానే దాన్ని వదిలి ఇంకొకటి వెతికేవాడు. ఏ జాగలోనూ ఒక పూటకు మించి ఉండలేదు కాబట్టి ఏ జాగ సంగతీ అతనికి తెలియలేదు. రోజూ సాయంత్రం మాత్రం దొరసాని ఇంటికొచ్చి తన గుంజ దగ్గర నిండుగా చేపేది. వరమ్మ కొడుకును పిలిచి చూపించేది. పశువుకు తెలుసురా, మనకు ఈ జాగే రాసి ఉందేమో అనేది. చుట్టూ ఇళ్లలో పీనుగులు లేస్తుంటే, మొగులయ్యకు కొన్ని పూటలు ఆ మాట కూడా నిజమనిపించేది.

చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్లు ఉత్తరించు స్థలం అని ఒక చోటు గురించి చెప్పేవాళ్లు. స్వర్గం కాదు, నరకమూ కాదు, ఆత్మలు కూర్చొని ఎదురుచూసే చోటు. వాళ్లు ఎంత వర్ణించినా నాకు దాని రూపు తెలియలేదు. ఆండాలు ఇల్లు ఆ రోజుల్లో ఎట్లా ఉండేదో విన్నాక తెలిసింది. పెంకులు తీసిన కప్పు, సున్నం వాసన, ఇంటి మధ్య కట్టిన మూటలు. వండుకునే గిన్నెలు మూటలో, కప్పుకునే బొంతలు మూటలో. రేపు పోతున్నాం కదా అని ఏదీ విప్పేవాళ్లు కాదు. ముత్యాలు ఆ మూటల మీదే కూర్చునేది, వాటి మీదే నిద్రపోయేది. రేపు పోతామా అని తల్లిని అడిగేది. పోతామని ఆండాలు చెప్పేది. మొదట్లో పిల్లకు అదొక సంబరం. తర్వాత అడగటం మానేసింది.

ఆండాలు మొగుణ్ని అరిచింది, బతిమిలాడింది, అన్నం మానేసింది. ఆడదాన్ని, బర్రెలను వదిలి ఒంటరిగా ఎట్లా పోతానని ఆమె కూడా ఆగింది. ఒకరోజు పొద్దున కుడితి తొట్టి పక్కన ఎలుక కనిపించింది. తాగినదానిలా తూలుతూ రెండు చుట్లు తిరిగి, దొరసాని కాళ్ల దగ్గర పడి చచ్చింది. ఆండాలు చీపురు పక్కన పడేసి మొగుడి ముందుకు వచ్చి నిలబడింది.

“ఇయ్యాల బర్రెను ఇడ్సిపెట్టు. చేపకపోతే చేపకపాయె. పిల్లను ఎత్తుకో, పోదాం.”

“ఒక్క జాగ మిగిలింది ఆండాలూ. కేశవగిరి దిక్కు. అది చూసొస్త. చూసినంక ఇగ ఏది చూడ, నువ్వు ఏడికంటే ఆడికే.”

“నిన్న గూడ ఒక్కటే అంటివి.”

“చూడకుండ పోయి ఏమన్న అయితే? మా బాపు చూడకుండనే పాయె గదా.”

అతను దొరసాని పలుపు విప్పుకొని పోయాడు. పొద్దెక్కాక ముత్యాలుకు జ్వరంతో ఒళ్లు కాలింది. ఆండాలు ఇక ఎవరి కోసమూ చూడలేదు. ఆఖరి సామాను కోసం హోటల్‌కు వచ్చిన బాబూమియా టాంగాను ఆపి, పిల్లను ఒళ్లో వేసుకొని జామతోటకు పోయింది. వరమ్మ మాత్రం కొడుకు రానిదే కదలనని గడపలో కూర్చుంది.

కేశవగిరిలో కూడా దొరసాని చేపలేదు. సాయంత్రం మొగులయ్య ఇంటికొచ్చి తల్లి చెప్పింది విని, బర్రె పలుపు కూడా చేతిలో నుంచి వదలకుండా బండ్లగూడకు పరుగెత్తాడు. అతను పోయేసరికి ముత్యాలు సాయబాను కింద మంచం మీద ఉంది. గజ్జలో గడ్డ లేచింది. బాపును చూసి, ఇదేనా మన జాగ అని అడిగిందట. అతను ఇదే బిడ్డా అన్నాడు. జీవితంలో అతను వెనకాముందు చూడకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆ మర్నాటి ఎండ వాలక ముందే పిల్ల పోయింది.

దొరసానిని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో ఒక జామచెట్టుకు కట్టేశారు. పిల్లను తోట అవతల పూడ్చి వచ్చి అందరూ కూర్చున్నప్పుడు, అది మోర చాచి ఒక్కసారి అరిచి, చేపింది. దూడ లేదు, గిన్నె లేదు, ముందు కూర్చున్న మనిషి లేడు. పాలు నాలుగు ధారలుగా మట్టిలోకి పోయాయి. తోటకు అలవాటు పడటానికి దానికి అంతే సమయం పట్టింది. మొగులయ్య దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ లేచి గిన్నె పెట్టలేదు.

బీమారి తగ్గాక గల్లీవాళ్లంతా తిరిగి వచ్చారు. పెంకులు కప్పుకున్నారు. మొగులయ్య మళ్లీ పత్తర్‌గట్టికి పాలు పోయసాగాడు. కొన్నాళ్లు నోరు మూసుకొని తిరిగాడు. ఆ నోరు తెరిపించింది బాబూమియా, అదీ మంచి మనసుతోనే. జామతోట మాలి సొంతూరికి పోయి అక్కడే గడ్డలతో చచ్చాడని అతనికి ఆలస్యంగా తెలిసింది. మొగులయ్య మొదటిసారి బర్రెను తెచ్చి తీసుకుపోయిన మర్నాడే ఆ మాలి తోట వదిలాడు. అంటే బీమారి అప్పటికే ఆ తోటలో ఉందేమో, మొదటి రోజే వచ్చినా పిల్ల దక్కేదో లేదో, నీ తప్పేమీ లేదు భాయ్ అని చెప్పాడు.

ఆ మాట మొగులయ్యకు ఓదార్పు కాలేదు. మొదటి రోజే పోయి ఉంటే బతికేదని అనుకున్నంతకాలం అతనికి దుఃఖం ఒక్కటే ఉండేది. ఇప్పుడు బతికేదేమో, బతకకపోయేదేమో అని రెండు అయ్యాయి. రెంటిలో ఏది నిజమో తెలుసుకోవాలి. అతను మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు, ఈసారి జాగల కోసం కాదు.

గడ్డల బీమారి ఒంట్లోకి వచ్చాక ఎన్నాళ్లకు బయటపడుతుంది? అతని ప్రశ్న అది. హకీం షఫీఉద్దీన్‌ను అడిగాడు. పిల్ల రక్తంలో అది ఎలుకలు పడక ముందే ఉంది, దాన్ని ఏ తోటా ఆపేది కాదని హకీం చెప్పాడు. ఆ పూట మొగులయ్య తేలికగా ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మర్నాటికి, హకీం నన్ను చూసి జాలిపడి చెప్పాడేమో అనే అనుమానం పట్టుకుంది. దవాఖానలో కంపౌండరును అడిగితే అతను వేరే చెప్పాడు. సూదులు వేసేవాళ్లు ఇంకో రకంగా చెప్పారు. ఒక్కొక్క జవాబుతో ముత్యాలు ఒకచోట బతికేది, ఒకచోట చచ్చేది. నచ్చిన జవాబును నమ్మలేడు, నచ్చనిదాన్ని మోయలేడు. కాబట్టి ఇంకొకరి దగ్గరికి పోయేవాడు. యుద్ధం వచ్చింది, కిరసనాయిలు దొరకలేదు, గుడ్డ దొరకలేదు, మొగులయ్య తల నెరిసింది, దొరసాని చచ్చిపోయి దాని మనమరాలు కొట్టంలో పెద్దదైంది. అతను అడుగుతూనే ఉన్నాడు. ఆండాలుకు మళ్లీ కడుపు పండలేదు.

నలభైల నడుమ ఒక ఎండాకాలం మా గల్లీ చివర బాబురావు ఇంట్లో పసివాడు జ్వరంతో పోయాడు. పలకరించడానికి అందరితో పాటు మొగులయ్యా పోయాడు. పీనుగు ఇంకా ఇంట్లోనే ఉంది. అతను బాబురావు పక్కన కూర్చొని మెల్లగా మొదలుపెట్టాడు. జ్వరం ఏనాడు తగిలింది, అంతకు ముందు పిల్లవాడు ఎక్కడెక్కడ తిరిగాడు, ఇక్కడ కాకుండా వేరేచోట ఉంచితే ఏమయ్యేదనుకుంటున్నావ్. బాబురావు కాసేపు అర్థంకాక చూశాడు. అర్థమయ్యాక మెడ పట్టి బయటికి తోశాడు. ఆండాలు పోయి మోరీ పక్కన పడ్డవాణ్ని లేపి ఇంటికి తెచ్చింది. పంచె తడిపి మోకాళ్లు తుడిచి, కొట్టంలో చొప్ప మీద కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుంది.

“ఇగ ఎవర్నీ అడగకు. నన్నడుగు. కన్నది నేను, నాకు ఎర్క.”

అతను నేల చూస్తూ అడిగాడు.

“మొదటి దినమే ఆడ ఉండిపోతే?”

“బతుకుతుండె.”

“గని ఆ మాలి...”

“మాలి ముచ్చట తేకు. ముత్యాలు బతుకుతుండె. నువ్వు జాగలు చూసుకుంట తిరిగినవ్, అది పోయింది. గంతే.”

మొగులయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. అతను ఏడవలేదు. చొప్ప మీద అట్లాగే ఒరిగి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకొని నిద్రపోయాడు. సాయంత్రం పాల వేళ అయినా లేవలేదు. బర్రెలు అరిచాయి, చెంబులు పట్టుకొని జనం వచ్చారు. ఆండాలు తానే పిండి పోసి, అతన్ని లేపవద్దని అందరికీ చెప్పింది. తెల్లవారి పాల కోసం మనుషులు మళ్లీ వచ్చేదాకా అతను ఒక్క పక్క మీదే పడుకున్నాడు. అన్నేళ్లలో అట్లాంటి నిద్ర అతనికి లేదు.

సంగతి తెలిసి బాబూమియా భార్య నూరున్నీసా వచ్చి ఆండాలును మందలించింది. కట్టుకున్నవాణ్ని అంత మాట అంటారా, పగవాళ్లు కూడా అనరు కదా, నీకు నిజంగా అట్లా తెలుసా అని అడిగింది.

“నాకేం ఎర్క అక్కా. ఖుదాకే ఎర్క. బతకకపోతుండె అని చెప్తే నమ్మడు, మల్ల ఇంకొగల తాన్కి పోతడు. ఇదొక్కటే నమ్ముతడు.”

నమ్మాడు. ఆ తర్వాత అతను ఎవరినీ అడగలేదు. దారుల కోసం వెతకడం కూడా పోయింది. బర్రె కొనడానికి పోతే ముందు కనిపించినదాన్ని పట్టుకొచ్చేవాడు, అది కుంటిదైనా గొడ్డుదైనా. పోలీసు చర్య రోజుల్లో పాతబస్తీలో సగంమంది ఎటు పోవాలా అని వీధుల్లో గుంపులు కూడుతుంటే, అతను గడపలో కూర్చొని చొప్ప నరుక్కున్నాడు. మొగులయ్యకు ఇన్నాళ్లకు ధైర్యం వచ్చిందని జనం మెచ్చుకున్నారు. ఆ తర్వాతి చలికాలం, పెద్దగా బాధేమీ లేకుండా పోయాడు.

పాలు పోసే పని ఆండాలు చేతికి వచ్చింది. పత్తర్‌గట్టి దవాఖానకు కొత్తగా వచ్చిన కంపౌండరు నెమ్మదస్తుడు, అడిగినదానికి ఓపికగా జవాబు చెప్పేవాడు. ఒకరోజు పొద్దున అతని గిన్నెలో పాలు పోసి, కొసరు కూడా పోసి, ఆండాలు వెళ్లకుండా అక్కడే నిలబడింది. ఏంటమ్మా అని అతను అడిగాడు.

“ఏం లేదు బాబూ. గడ్డల బీమారి ఒంట్లకు వచ్చినంక, ఎన్ని దినాలకు బయటపడ్తది?”